రోకటి కాలం పెండ్లి

నైజాం ఏలుబడిలో ఎల్లారెడ్డికి వడ్లూ పిండీ పట్టే ఇంజను గిర్ని వచ్చిన ఏడే ఊళ్ళో ఒక కొత్త మాట కూడా పుట్టింది: రోకటి కాలం. ముతక చీర నుంచి మొండి మామ దాకా, పాతదేదైనా సరే, రోకటి కాలందే. ఆ మాటను అందరికంటే దర్జాగా వాడినవాడు కామారెడ్డి నుంచి ఇంజను నడపడానికి వచ్చి, యాదవ్వ పూటకూటింట్లో తింటున్న దేవన్న.

ఇంటింటి ధాన్యం దంచిపెట్టే రామవ్వ బిడ్డ గంగామణి వడ్ల గంపతో గిర్ని ముందు నుంచే పోయేది. ఒక్కనాడూ ఆగేది కాదు.

"ఏం పిల్లా, మీ ఇంట్ల ఇంకా రోకటి కాలమేనా?" అన్నాడు దేవన్న ఒకనాడు.

ఆమె ఆగింది. "నీకు యాదవ్వ పెట్టే బువ్వ ఎట్లుంటది?"

"మస్తుంటది."

"ఆ బియ్యం మా రోట్ల దంచినయే," అని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఏదో సాకుతో వాళ్ళ వాకిట్లోకి పోయాడు దేవన్న. ఒకే రోట్లో తల్లి రామవ్వ ఒక పోటు, బిడ్డ ఒక పోటు. రోకళ్ళు తగలవు, తడబడవు. తన ఇంజనైనా అప్పుడప్పుడు దగ్గుతుంది. గంగామణి రోకలిని గాలిలోనే చెయ్యి మారుస్తుంటే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఆ పిల్ల మీద మనసు పడింది ఆ రోటి దగ్గరే.

ఎండాకాలానికి పెద్దలు పెండ్లి ఖాయం చేశారు. గంగామణి చేతులు కాయలు కాశాయని జాలిపడి దేవన్న ఒక ఘనకార్యం చేశాడు. పెండ్లి పసుపంతా గిర్నిలో పట్టించి, మెత్తటి పొడిగా పంపాడు.

పెండ్లి పసుపు దంచే కొట్నం నాడు ముత్తైదువలు రోకళ్ళు పట్టుకుని వచ్చేసరికి రోట్లో వేసి దంచడానికి ఒక్క పసుపు కొమ్మూ లేదు.

రామవ్వ ముఖం మాడిపోయింది. "రోకలి ముట్టని పసుపు నా బిడ్డ ఒంటికి పెట్టను. కొట్నం కానిది పెండ్లే కాదు."

కబురు విని దేవన్న పరుగున వచ్చాడు. "తప్పయింది అత్తా. నీ బిడ్డ చేతులు నొస్తయని గట్ల చేసిన."

"నా చేతులు నిన్నడిగినయా?" అన్నది గంగామణి తలుపు చాటు నుంచి. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి అతని ప్రాణం ఉసూరుమంది.

గిర్ని ఆపేసి, అంగడంతా గాలించి పసుపు కొమ్ములు మోసుకొచ్చాడు. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. పోటు మీద పోటు పడుతుంటే అరుగు మీద కూర్చున్న దేవన్న లేచి రోటి దగ్గరికి వచ్చాడు.

"ఇగ చెప్పు," అన్నది గంగామణి, "రోకటి కాలమంటె ఏంది?"

"ఒక్క పిల్ల పెండ్లికి ఊరంత చెయ్యేసే కాలం. నా గిర్నికి గది రాదు. నాక్కూడ ఒక రోకలియ్యి."

రామవ్వ ఫక్కున నవ్వింది. "ముందుగాల పోయి ఆ గిర్ని కడుగు, అల్లుడా. పొద్దటి సంది ఊరందరి రొట్టెలు పచ్చగైతున్నయి."

పెండ్లికూతురికంటే ముందే ఎల్లారెడ్డి అంతా పసుపు పూసుకుందని నవ్వుకుంటూ, పిలిచినవాళ్ళూ పిలవనివాళ్ళూ ఆ పెండ్లికి వచ్చారు.