చెవి తెగిన గొర్రె

ఈ కేసులో దొంగెవరో డిటెక్టివ్ సుమిత్రమ్మ కంటే ఒక రోజు ముందే కుందుర్పి టీ అంగట్లో నేను చెప్పేశాను. నా బుర్ర అలాంటిది.

బక్రీదు మర్నాడు గొర్రెల కాపరి హుస్సేన్ బాషా అనంతపురంలోని ఆమె ఆఫీసుకు వచ్చాడు. కుందుర్పి బయట డాక్టర్ కార్తికేయ దగ్గర అతడికి పని. కరోనా వైరస్ మీది ముల్లును, అంటే స్పైక్ ప్రోటీనును, తయారుచేసే డీఎన్‌ఏను డాక్టరు గొర్రె కండలోకి ఎక్కిస్తాడు. గొర్రె ఒళ్ళే ఆ ముల్లును తయారుచేసి, దాన్ని ఎదిరించే యాంటీబాడీలను రక్తంలో పుట్టించాలి. వాటితో మనుషులకు మందు చేయాలని ఆయన ఆశ. మంద మొత్తంలో ఒక్క గొర్రె రక్తమే పనిచేసిందట. ఆ మందు కొనాలనుకున్న బెంగళూరు కంపెనీవాళ్ళు వచ్చి తమ కళ్ళముందే మళ్ళీ రక్తం తీయాలన్నారు. ఈలోగా ఆ గొర్రె మాయమైంది. కాపరే కుర్బానీకి, అంటే బక్రీదు బలికి, కోసుకున్నాడని డాక్టరు పోలీసులకు ఫిర్యాదు చేశాడు.

"నన్ను జైల్లో ఏస్తారంటమ్మా. ఇంట్లో నా కూతురు హబీబా ఒక్కతే. కరోనా తగ్గినా నీరసంగానే ఉండాది" అన్నాడు.

సహాయకుడు ఓబిలేష్ స్కూటర్ మీద సుమిత్రమ్మ కుందుర్పి చేరింది. పోయిన గొర్రెకు కుక్క కరిచి ఒక చెవి సగం తెగిందని డాక్టరూ కాపరీ ఇద్దరూ చెప్పారు. కాపరి ఇంట్లో హబీబా మంచినీళ్ళిచ్చింది. ఆమె మోచేతి మడతలో సూది గుర్తులు. ఒంట్లో ఎలా ఉందో చూస్తానంటూ డాక్టరే వారం వారం వచ్చి, ఒక బిస్కెట్ పాకెట్ ఇచ్చి రక్తం తీసుకుపోతాడట. రిపోర్టు మాత్రం ఎప్పుడూ చూపలేదట. ఎంత మంచి మనిషో అనుకున్నాడు ఓబిలేష్. సుమిత్రమ్మ షెడ్డుకు వెళ్ళి డాక్టరు ఫ్రిజ్‌లోని సీసాలు చూసింది.

మధ్యాహ్నం గొర్రెల షెడ్డులో సుమిత్రమ్మ అందర్నీ కూర్చోబెట్టింది. పోలీసులూ వచ్చారు.

"చెవి సగం తెగిన జీవాన్ని కుర్బానీకి ఇయ్యరు డాక్టరుగారూ. ఈడ చిన్నపిల్లోల్లకు గూడా తెలుసు. మీకే తెల్దు."

నాకూ తెలియదు లెండి. టీ అంగట్లో నేను చెప్పిన దొంగ హుస్సేన్ బాషానే. ఊరు నమ్మింది కూడా.

"అమ్ముకున్యాడేమో" అన్నాడు డాక్టరు.

"ఆ చెవి చూస్తే ఈ చుట్టుపక్కల ఎవురైనా గుర్తు పడతారు. యాడ అమ్ముతాడప్పా? అందరి ముందరా రక్తం తీస్తే నష్టం ఆయనకు కాదు, మీకు. మీ సూది ఏ గొర్రెలోనూ పని చెయ్యలేదు. కరోనా వచ్చి తగ్గిన మనిషి రక్తంలో అయితే యాంటీబాడీలు ఉంటాయి. ఫ్రిజ్‌లో గొర్రె పేరు రాసిన సీసా ఉండాది. అది గొర్రెదో మనిషిదో పరీక్ష చేయిద్దామా?"

సీసాలో ఉన్నది హబీబా రక్తమేననీ, గొర్రెను చంపి ఎండిన బోరు పక్కన పూడ్చాననీ డాక్టరు చివరికి ఒప్పుకున్నాడు.

హబీబా లేచి నిలబడింది. "గొర్రెకు దినామూ దాణా పెట్టిస్తిరి గదా సార్. నాకు వారానికొక బిస్కెట్ పాకెట్టా?"

డాక్టరు తలవంచి ఆమెకు చేతులు జోడించాడు.

హుస్సేన్ బాషా జైలు తప్పించుకున్నాడు. షెడ్డు మూతపడి పనీ పోయింది. ఊళ్ళో కొందరు ఇప్పటికీ అతడికేసి అదోలా చూస్తారు. దానికి నా నోరే కారణం.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. డాక్టరు ఆ పిల్లకు చేతులు జోడించలేదు. ఫోను చూసుకుంటూ పోలీసు జీపెక్కాడు.