పిచ్చుక తుమ్ము

ఆ వీధిలో వాళ్ళింటిని తుమ్ములవారిల్లు అనేవారు. పొద్దున్నే తలుపు తీసి ఎండలోకి అడుగు పెట్టగానే ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి తుమ్ములు వచ్చేవి. జలుబు కాదు, జన్యువుల్లోనే ఉన్న గుణం. గడియారాలు బాగుచేసే తండ్రి ముందు తుమ్మేవాడు, ఆయన వెనక కొడుకు, చివర్లో కూతురు. కూతుర్ని అందరూ పిచ్చుక అనేవారు. తుమ్మడం కూడా పిచ్చుకలాగే, చిన్నగా రెండుసార్లు తుమ్మేది. బయటినుంచి ఈ ఇంటికి వచ్చిన తల్లీ, వదినా వీళ్ళ బాగోతం చూస్తూ నిలబడేవారు.

ఆ రోజు కూడా తుమ్ముల కార్యక్రమం పూర్తయ్యాక అందరూ బల్ల దగ్గర చేరారు. మూడో నెల గర్భంతో ఉన్న వదిన చిన్న గాజు గొట్టాలు తెచ్చి వరసగా పెట్టింది. బిడ్డ జన్యువుల్లో ఏదైనా లోపం ఉంటే కడుపులో ఉండగానే దిద్దాలి. అందుకని ఇంట్లోవాళ్ళందరి ఉమ్మి పరీక్షకి పంపమన్నారు జన్యు కేంద్రంవాళ్ళు.

"తలా ఒకటి తీసుకోండి. మావయ్యా, ముందు మీరు," అంది వదిన.

తండ్రి తన గొట్టం తీసుకుని, పిచ్చుక ముందున్నదాన్ని నెమ్మదిగా పక్కకి జరిపాడు. "దానిది అక్కర్లేదులే అమ్మా. మా ఇద్దరిదీ, వాడిదీ చాలు."

"అవును, దాన్ని వదిలెయ్," అని తల్లి కూడా అందుకుంది.

ఇన్నాళ్ళూ పిచ్చుక లోలోపల నలుగుతున్న అనుమానం నిజమేనన్నమాట. వాళ్ళకి ముందునుంచే తెలుసు.

అన్నయ్యకి ఒళ్ళు మండింది. "మీరేదో దాస్తున్నారు. ఇది నా బిడ్డ విషయం నాన్నా. దాని ఉమ్మికేమైనా బంగారం అంటుకుందా?"

"నాన్నని ఏమీ అనకు అన్నయ్యా," అంది పిచ్చుక. "నేను ఈ ఇంటి పిల్లని కాను. ఆ సంగతి బయటపడకూడదని వాళ్ళ తాపత్రయం."

"నీకేమైనా మతి పోయిందా?" అంది తల్లి.

"నాకు తుమ్ము రాదమ్మా. ఒక్కసారి కూడా రాలేదు. చిన్నప్పుడు వీళ్ళిద్దరూ తుమ్మి నవ్వుకుంటుంటే నేనొక్కదాన్నే మొహం వేలాడేసుకుని నిలబడేదాన్ని. నాలుగేళ్ళప్పుడు ఊరికే తుమ్మినట్టు చేశాను. నువ్వు పరిగెత్తుకొచ్చి నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చావు. సంతోషం పట్టలేక ఏడుస్తున్నావనుకున్నాను. ఇంక మానలేదు."

తండ్రి కుర్చీలోంచి లేచాడు. "ఏదీ, మళ్ళీ చెప్పు. అంతా నటనేనా?"

"క్షమించు నాన్నా."

"అది కాదమ్మా. ఒక్కసారి కూడా నిజంగా రాలేదా? ఒట్టేసి చెప్పు."

"రాలేదు. నీ మీదొట్టు."

ఆయన మళ్ళీ కుర్చీలో కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు. అప్పుడు తల్లి నోరు విప్పింది.

"మీ మేనత్త చిన్న వయసులోనే ఎందుకు పోయిందో మీకెప్పుడూ చెప్పలేదు. ఈ తుమ్ము తెప్పించే జన్యువే ఈ ఇంటి ఆడపిల్లల ప్రాణం మీదకొస్తుంది. ఉన్నట్టుండి గుండె ఆగిపోతుంది. మగవాళ్ళకి తుమ్ముతో సరి. కడుపులో ఉన్నది ఆడపిల్ల అని తెలియగానే నిన్ను దిద్దించాం. ఎండలో తుమ్మకపోతే దిద్దుబాటు కుదిరినట్టే అంది డాక్టరమ్మ. నాలుగేళ్ళు నిశ్చింతగా ఉన్నాం. తర్వాత నువ్వు తుమ్మావు."

"మరి దానికి పరీక్ష చేయించొచ్చు కదా?" అన్నాడు అన్నయ్య.

"పుట్టాక దిద్దడం కుదరదన్నార్రా," అన్నాడు తండ్రి. "తెలుసుకుని ఏం చేస్తాం? మాకు ధైర్యం చాల్లేదు. ఇవాళ కూడా చాల్లేదు."

పిచ్చుకకి ఒక్కొక్కటే అర్థమైంది. ఈత నేర్చుకుంటానంటే ఇల్లు పీకి పందిరేసిన తండ్రి, నిద్రపోతుంటే వచ్చి గుండె మీద చెయ్యి వేసి చూసే తల్లి. పరాయి పిల్ల కాబట్టే తనని అలా కాపలా కాస్తున్నారనుకునేది. వాళ్ళలో కలిసిపోవాలని తను వేసిన వేషమే ఇన్నేళ్ళూ వాళ్ళ కంటి మీద కునుకు లేకుండా చేసింది.

ఆమె తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. "మీలా ఉండాలనుకున్నాను నాన్నా. అంతే."

ఆయన కూతురి తల నిమిరాడు. "పిచ్చి తల్లీ, నువ్వు మాలా ఉండకూడదని మేము కోరుకోని రోజు లేదు."

తల్లి కూడా వచ్చి కూతురి పక్కన నేల మీదే కూర్చుంది. ఆవిడ ఏడుస్తూనే నవ్వుతోంది. అమ్మ అలా నవ్వడం పిచ్చుక ఎప్పుడూ చూడలేదు.