కాకిని తీసేసిన కథ

పాలు పొయ్యి మీద పెట్టి, ఇడ్లీపిండి గిన్నె ముందు నిలబడినచోటే కళ్లు మూసుకుంది నాగజ్యోతి. నిద్ర కాదది, ఎన్నాళ్లనుంచో ఒంట్లో పేరుకుపోయిన బడలిక. అంతలోనే వసారాలోంచి మామగారు వెంకటనారాయణ గొంతు.

"జ్యోతమ్మా, మన టపాకి ఇవాళేమన్నా కబుర్లొచ్చాయా?"

"ఇంకా చూడలేదు మామయ్యా."

"చూడవే అమ్మా. జనం ఎదురుచూస్తూ ఉంటారు. పాలు పొంగితే ఇంకో చెంబు పోసుకోవచ్చు."

పర్చూరు చుట్టుపక్కల వెంకటనారాయణకు కోతలరాయుడని పేరు. ఆయన నోట్లో పడ్డ మేక పెరుమాళ్లపాడు దాటేలోపే ఏనుగయ్యేది. వినేవాళ్లకు అబద్ధమని తెలుసు, చెప్పేవాడికీ తెలుసు, అయినా ఇరువైపులా తృప్తి. అలాంటి మనిషి, భార్య వెంకటరావమ్మ పోయాక నోరు కట్టేసుకున్నాడు. అన్నం పెడితే "ఊ", పిలిస్తే "ఆ". ఆరు నెలలు ఇల్లు బావిలా ఉంది.

ఒకరోజు మిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చున్న కోడలి దగ్గర ఉన్నట్టుండి ఓ కోత కోశాడు. చేతులు మండుతున్నా నాగజ్యోతి దాన్ని ఫోనులో రాసుకుంది. ఆయన పేరుతో ఒక బ్లాగు తెరిచింది.

"బ్లాగంటే ఏందే?" అనడిగాడాయన.

"మన వసారా అనుకోండి. చెప్పేది మీరే. దారినపోయేవాళ్లకి ఇష్టమైతే ఆగి వింటారు, తోస్తే ఓ మాటంటారు. ఆ మాటని వ్యాఖ్య అంటారు. మీరు రాసింది టపా."

"మరి మీ ఆయన ఎప్పుడూ చూసే ఆ రైతుల గోలేంటి?"

"అది చర్చావేదిక మామయ్యా. ఫోరం అంటారు. అది ఎవరి వసారా కాదు, ఎరువుల కొట్టు ముందు బెంచీ లాంటిది. ఒకడు నా చేనుకి ఫలానా జబ్బొచ్చిందని అడుగుతాడు, తెలిసినవాళ్లు తలా ఒకటి చెప్తారు."

అప్పటినుంచి రోజూ తెల్లవారుజామున ఆయన చెప్పడం, ఆమె ఒక చేత్తో గరిటె తిప్పుతూ ఇంకో చేత్తో రాయడం. కష్టమే. కానీ ఆయన మళ్లీ "ఊ", "ఆ"ల్లోకి జారిపోతే చూడటం అంతకంటే కష్టం. చిక్కల్లా, ఆ వసారా ముందు ఒక్కరూ ఆగలేదు. టపాల కింద ఒక్క వ్యాఖ్యా లేదు. ఆయన రోజూ అడిగేవాడు. ఆమె రోజూ ఏదో ఒకటి అల్లి చెప్పేది. చివరికి ఆ అల్లికకూ ఓపిక లేకపోయింది. ఫోరంలో ఎవరో "మిరపకి ముడత తగ్గడం లేదు, ఏం చెయ్యాలి" అని అడిగితే, దాని కింద మామగారి పేరూ ఊరూ వేసి ఆయన చెప్పిన ఉప్పుచేపల కథ పెట్టేసింది. ఒక్క పూటలో బోలెడన్ని మాటలొచ్చాయి. అవి చదివి వినిపించిన రోజు ఆయన ఇంకో ముద్ద అన్నం అడిగి తిన్నాడు. కథ వేరే చోట పెట్టిన సంగతి మాత్రం ఆమె చెప్పలేదు.

ఇడ్లీలు దించుతుండగా వాకిట్లో ఆటో ఆగింది. నలభై ఏళ్ల మనిషి, చేతిలో పాలిథిన్ కవరు.

"వెంకటనారాయణ గారి ఇల్లు ఇదేనాండి? నా పేరు యేసుపాదం. అద్దంకి దగ్గర్నుంచి వచ్చాను."

"రా నాయనా, కూర్చో. నా టపా చదివొచ్చావా?" పెద్దాయన మొహం వెలిగింది.

యేసుపాదం కూర్చోలేదు. కవరులోంచి ఒక మిరపమొక్క తీసి అరుగు మీద పెట్టాడు. ఆకులు మూకుట్లో వేయించినట్టున్నాయి.

"మీరు చెప్పినట్టే కొట్టానండి. ఉప్పుచేపలు నానబెట్టి, ఆ నీళ్లు వడగట్టి. కౌలు చేను, అరెకరం. మొత్తం ఇట్టాగే అయింది."

కొట్టుకు బయల్దేరుతున్న నాగజ్యోతి భర్త కోటేష్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ గుమ్మంలోనే ఆగిపోయాడు. సెంటర్లో అతనిది పురుగుమందుల కొట్టు.

"నాన్నా, ఏంటిది? ఎక్కడ చెప్పావు నువ్వు?"

యేసుపాదం ఫోను తీసి చూపించాడు. కోటేష్ చదివాడు. వెంకటనారాయణ మొక్కవంక చూశాడు, తర్వాత వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడ్డ కోడలివంక చూశాడు. ఆమె మొహంలో నెత్తురు లేదు.

"నేనే పెట్టమన్నానురా," అన్నాడు. "ఆ పిల్ల వద్దంటూనే ఉంది. నేనే వినలా."

"ఊళ్లో కోసింది చాల్లేదా నీకు? నా కొట్టుకొచ్చే ప్రతివాడికీ మూత మీద గీత గీసి మరీ మోతాదు చెప్తాను నేను. నువ్వేమో ఉప్పునీళ్లు కొట్టమంటావు. ఇక చాలు నాన్నా. ఇంట్లో ఒక మూల కూర్చో. ఎవరికీ ఏమీ చెప్పొద్దు."

"ఊ," అన్నాడు పెద్దాయన.

ఆ "ఊ" ఆరు నెలలు విన్నదే. నాగజ్యోతి గరిటె కింద పెట్టేసింది.

"మామయ్యకి ఏమీ తెలియదండీ. ఆయన వసారాలో చెప్పిన కథని తీసుకెళ్లి బెంచీ మీద పెట్టింది నేను. ఎవరూ చదవడం లేదని చెప్పలేక. ఆయన అబద్ధం ఆడుతున్నారు, నన్ను కాయడానికి."

వెంకటనారాయణ నెమ్మదిగా అడిగాడు.

"నేను చెప్పిన కథలో కాకి ఉందిగా అమ్మా. చేపనీళ్లు తాగిన చెట్లు కొబ్బరిచెట్లంత అయ్యాయనీ, నిచ్చెన లేకుండా కాయ కొయ్యలేకపోయామనీ, కాకి ఒక పండు కొరికి ఆ మంటకి ఒంగోలు దాకా అరుస్తూ పోయిందనీ. అది విని కూడా ఎవరన్నా చేపనీళ్లు కొడతారా?"

"అక్కడ నాలుగైదు లైన్ల కంటే పట్టలేదు మామయ్యా. నిచ్చెన తీసేశాను. కాకిని తీసేశాను."

"అయ్యో తల్లీ," అన్నాడాయన, కోపం లేకుండా. "నా అబద్ధానికి కాకే కాపలా. దాన్ని తోలేసి, మిగిలింది మందని పెట్టావా."

యేసుపాదం గొంతు సవరించుకున్నాడు. "తప్పెవరిదని గొడవాడటానికి రాలేదండి నేను. అక్కడ ఇంకా అడుగుతున్నారు, ఎకరానికి ఎన్ని ట్యాంకులు కొట్టాలని. నాలాగా ఇంకొకరు కాకముందే ఆపండి."

నాగజ్యోతి ఫోను తీసి, ఫోరంలో తను పెట్టింది తుడిపెయ్యబోయింది. బ్లాగయితే ఎవరి టపా వాళ్లు తీసేసుకోవచ్చు. ఫోరంలో జవాబు కింద జవాబు పడ్డాక ఆ మాట తన ఒక్కదాని సొత్తు కాదు, తుడవనివ్వలేదు. "ఇది వట్టి కట్టుకథ, దయచేసి కొట్టకండి" అని కింద రాసింది. ఇడ్లీలు చల్లారేలోపే జవాబులు వచ్చాయి.

"వీళ్ల అబ్బాయిది మందుల కొట్టంట. బేరం పోతుందని పెద్దాయన నోరు నొక్కారు."

"రహస్యం బయటపడిందని దాచేస్తున్నారు. నేను కొట్టి తీరుతా."

కోటేష్ అరుగు మీద చతికిలబడ్డాడు. వెంకటనారాయణ గెడ్డం నిమురుకున్నాడు.

"జీవితమంతా అబద్ధాలు చెప్తే నవ్వారు. ఒక్క నిజం చెప్తే నమ్మరే. యేసుపాదం, నీ చేను చూపించవయ్యా వాళ్లకి."

"నేను కొట్టానని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదండి," తల వంచుకున్నాడు యేసుపాదం. "మా రెబ్కాకి కూడా తెగులనే చెప్పా. చేజేతులా ఉప్పు కొట్టుకుని చేను చంపుకున్నాడంటే నవ్వుతారు."

"నేను నీ పక్కన నిలబడతా. నవ్వేవాళ్లు నన్ను చూసి నవ్వుతారు. నాకది అలవాటే."

కోటేష్ ఆ రోజు కొట్టు తీయలేదు. నలుగురూ ట్రాలీ ఆటోలో బయల్దేరారు. దారి పొడవునా పత్తిచేలు పగిలి తెల్లగా ఉన్నాయి. మామూలుగా అయితే ప్రతి చేనుకూ ఒక కోత ఉండేది. పెద్దాయన నోరు విప్పలేదు.

గట్టు దిగడానికి పెద్దాయన తడబడితే కొడుకు చెయ్యి అందించాడు. యేసుపాదం భార్య రెబ్కా చేలోనే ఉంది. భర్త జరిగింది చెప్తుంటే చివరిదాకా విని, "చెప్పుంటే అప్పుడే మంచినీళ్లతో కడిగేవాళ్లంగా," అంది. కోటేష్ గోటితో కాండాలు గీకి చూశాడు.

"ఈ సాళ్లు పోయినట్టే. అటువైపువి మొదళ్ల దగ్గర పచ్చిగా ఉన్నాయి, నీళ్లు కడితే చిగురెయ్యొచ్చు. నేను దగ్గరుండి చూస్తా."

మాడిన సాళ్ల మధ్య వెంకటనారాయణ, యేసుపాదం పక్కపక్కన నిలబడ్డారు. నాగజ్యోతి ఫోటో తీసింది. "నా కథ విని ఈయన చేను ఇట్లా అయింది. నేనే వెంకటనారాయణని" అని ఆయన చెప్పినట్టే రాసి ఫోరంలో పెట్టింది. కాసేపటికి దాని కింద ఒక జవాబు పడింది. ఎవరో ముస్తాక్, కనిగిరి వైపు.

ఆమె పైకి చదివింది. "రేపు పొద్దున కొడదామని డ్రమ్ములో కలిపి పెట్టుకున్నానండి. ఫోటో చూసి ఇప్పుడే పారబోశాను."

యేసుపాదం గట్టు మీద కూలబడి తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. నాగజ్యోతికి అక్షరాలు అలుక్కుపోయాయి. ఇన్నాళ్లూ ఆపుకున్నదంతా అక్కడే, ఆ ఎండలోనే కారిపోయింది.

వెంకటనారాయణ కోడలి తల మీద చెయ్యి వేశాడు.

"దీనికి మనం జవాబు రాయొచ్చా అమ్మా?"

"రాయొచ్చు మామయ్యా. ఇక్కడ రాయాలి కూడా. ఏమని రాయమంటారు?"

ఆయన మాడిన చేనంతా ఒకసారి కలయజూశాడు.

"మంచి పని చేశావు నాయనా, అని రాయి."

"ఇంకా?"

"అంతే."