ఎంగిలి గింజల కంపెనీ

ఇంద్రజకు వాళ్ళ నాన్న నారాయణప్పతో వచ్చిన చిక్కల్లా ఒకటే: ఆయన మరీ మంచివాడు. చెడ్డవాడైతే ఎదిరించవచ్చు. ఈయన, ఎదిరించడానికి నోరు తెరిచేలోపు నిమ్మకాయ షర్బతు కలిపి చేతిలో పెడతాడు. పెట్టి, ఆ గ్లాసు ఇంకొకరు తాకకుండా కాపలా కాస్తాడు. దోహాలో స్కూలు బస్సుల కంపెనీలో ఏళ్ళ తరబడి సూపర్‌వైజరు. ఎన్ని దేశాల డ్రైవర్లతో తిరిగినా, ఎంగిలి విషయంలో మాత్రం కడప పొలిమేర దాటలేదు.

అలాంటాయన కూతురు కెమిస్ట్రీలో డాక్టరేటు చేసి, ఏసీ లాబ్‌లో ఉద్యోగం మానేసి, దోహా శివారు ముఐథర్‌లోని ఇంటి బాల్కనీ నిండా ఖర్జూరం గింజలు ఆరబోసింది.

“మజ్లిస్‌లల్లో అరబ్బోళ్ళు గుంపుగా కూచోని తిని ఊంచినేవి గదమ్మా!”

“కడిగాను నాయనా.”

“కడిగితే ఎంగిలి పోతాదా?”

“తర్వాత కొలిమిలో కాలుస్తా. ఎంగిలే కాదు, దాని తాత కూడా మిగలడు.”

గాలి తగలకుండా కాలిస్తే ఆ గింజలు బొగ్గవుతాయి. ఆ బొగ్గు ఒంటినిండా కంటికి కనబడని రంధ్రాలు. మురికి నీళ్ళు దాన్లోంచి పోతే మురికి లోపలే చిక్కుకుని, నీళ్ళు మాత్రం తప్పించుకుంటాయి. కార్లు కడిగిన నీళ్ళతోనే మళ్ళీ కార్లు కడిగించడం ఇంద్రజ వ్యాపారం. బొగ్గు ఉంది, ఫిల్టరు ఉంది. కస్టమరే లేడు.

ఆ కస్టమరును వెతుక్కుంటూ ఇండస్ట్రియల్ ఏరియాలో ఓ కార్ వాష్‌కు వెళ్ళి, ఎవరినీ అడక్కుండా కాలువలో సీసా ముంచింది.

“ఓ మేడం! ఏం జేస్తున్రు?”

మేనేజర్ రాజేందర్. నిజామాబాద్ మనిషి. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చారనుకుని, పరుగెత్తుకొస్తూ దారిలోనే ఒకడికి కుర్చీ, ఇంకొకడికి కరక్ చాయ్ పురమాయించాడు.

“మీ మురికి నీళ్ళు కావాలి.”

“గింతేనా? మొత్తం తీస్కపోండ్రి. మాకు ట్యాంకర్ తిప్పలు తప్పుతది.”

“తీసుకుపోను. బాగుచేసి మీకే ఇస్తా.”

అతను సీసాలోని నల్లటి నీళ్ళను, ఆమెను మార్చి మార్చి చూశాడు. ఆమె వంతు కాస్త ఎక్కువసేపు నడిచింది.

“మీరు ఇన్‌స్పెక్టర్ కాదా?”

“సైంటిస్టును.”

“అయ్యో, చాయ్ చెప్పేసిన గద!”

ఆ చాయ్ వృథా పోలేదు. మర్నాటి నుంచీ ముఐథర్‌కు గింజలు రావడం మొదలైంది. రాజేందర్‌కు తెలిసిన హౌస్ డ్రైవర్లు తాము పనిచేసే ఇళ్ళ మజ్లిస్‌లలో పోగుచేసి ఇస్తే, అతను తెచ్చి దింపేవాడు. విడతకు అర చేసంచీ.

“ఒకేసారి గోనెసంచిలో తేకూడదూ?”

“బరువైతది మేడం.”

లారీ టైర్లు దొర్లించే మనిషి ఆ మాట అంటే ఇంద్రజ ముఖం పక్కకు తిప్పుకుంది. నారాయణప్ప అతనికి ‘ఎంగిలి సంచి పిల్లోడు’ అని పేరు పెట్టి, గుమ్మం దాటనివ్వలేదు.

ఓ సాయంత్రం దుమ్ముగాలి లేచింది. మెట్ల కింద ఇంద్రజ, రాజేందర్ ఇద్దరే నిలబడ్డారు. ఆమె కనురెప్పల మీద ఇసుక. అతను టిష్యూ అందించి, చెయ్యి వెనక్కి తీసుకోవడం మరిచిపోయాడు.

“అర్బాబ్ ఒప్పుకున్నడు,” అన్నాడు. ఆ కార్ వాష్ యజమాని గురించి. “గురువారం తన బండి కడిగించి చూస్తడట. నచ్చితే మన బ్రాంచిలన్నిట్ల మీ ఫిల్టరే.”

“మన?”

“అంటే... కంపెనీవి.” చీకటి పడుతున్నా అతని చెవులు ఎర్రబడటం కనబడింది.

“నచ్చకపోతే మాత్రం నేను మళ్ళీ లాబ్‌కే. నాయనకు మాటిచ్చాను.”

గురువారం తెల్లటి లాండ్ క్రూయిజర్‌లో అర్బాబ్ దిగాడు. ఇస్త్రీ చొక్కాతో నారాయణప్ప అప్పటికే వచ్చి ఉన్నాడు. ఇంద్రజ మురికి నీళ్ళ ట్యాంకు మూత తీసి, కొయ్యబారిపోయింది.

నీళ్ళు పచ్చగా, పులిహోర కలిపినట్టున్నాయి.

తండ్రి వంక చూసింది. ఆయన చేతులు వెనక్కి దాచుకున్నాడు.

“నాయనా!”

“కొత్త వ్యాపారం గదమ్మా... ఎంగిలి దోషం పోవాలని రోంత పసుపు... ప్యాకెట్టు జారి అంతా పడిపాయ.”

“షిను హాదా?” అర్బాబ్ కనుబొమలు పైకి లేచాయి. ఇదేమిటని వేలితో ట్యాంకు చూపించాడు.

“వేరే దినం రమ్మని చెప్తా,” గొణిగాడు రాజేందర్.

ఇంద్రజ మరోసారి ట్యాంకులోకి చూసింది. లాబ్‌లో బొగ్గు సత్తా తేల్చాలంటే నీళ్ళలో రంగు కలిపే చూస్తారు. ఇంత రంగు మాత్రం మతి ఉన్నవాళ్ళెవరూ కలపరు.

“వద్దు. మోటారు వెయ్యండి.”

పైపు దగ్గింది. గాలి ఊదింది. బొగ్గు పొడి కాస్త ఉమ్మింది. ఆ తర్వాత నీళ్ళొచ్చాయి. అవతలి మనిషి ముఖం కనబడేంత తేటగా.

అర్బాబ్ గ్లాసులో పట్టి ఎండకెత్తి చూశాడు. ట్యాంకులోకి తొంగిచూశాడు. మళ్ళీ గ్లాసును చూశాడు. బండి కడిగించాడు. తెలుపు తెలుపుగానే ఉంది.

“తమామ్! యల్లా, అన్ని బ్రాంచిలకూ పెట్టండి!” భేషుగ్గా ఉందని అరబ్బీలోనే తేల్చేశాడు.

పనివాళ్ళు ఈలలు వేశారు. రాజేందర్ సంబరంగా ఇంద్రజ చెయ్యి పట్టుకుని, నారాయణప్పను చూసి ఠక్కున వదిలేశాడు.

“నీకెందుకప్పా అంత సంబరం? గోనెసంచి గూడా మొయ్యలేనోనివి.”

“మోస్త అంకుల్. ఒకటేసారి తెస్తే ఆమెను ఒకటేసారి చూస్త గద. గందుకే...” నాలుక కరుచుకున్నాడు. ఇంద్రజ వైపు తిరిగాడు. “నువ్వు సైంటిస్టువి. ఎప్పుడో కనిపెడ్తవనుకున్న.”

“రెండో సంచికే కనిపెట్టాను. మూడోది మానేస్తావేమోనని ఊరుకున్నా.”

అర్బాబ్‌కు తెలుగు రాదు గానీ, అర్థమైనవాడిలా మీసం దువ్వుకున్నాడు.

నారాయణప్ప చొక్కా చేతులు పైకి మడిచాడు. పైపు దగ్గరకు నడిచి, దోసిలి నిండా ఆ నీళ్ళే పట్టి ముఖం కడుక్కున్నాడు. తుడుచుకోకుండానే వచ్చి, అందరికీ వినబడేలా గొంతు సవరించుకున్నాడు.

“నేనే తప్పమ్మా. గింజల కాడ తప్పే.” తడి చెయ్యి రాజేందర్ భుజం మీద వేశాడు. “ఈ పిల్లోని కాడ ఇంగా పెద్ద తప్పు.”