మిరపకాయ మీద దేశద్రోహం కేసు

“ఆపరేషన్ పేరు రెడ్ లుంగీ,” అన్నాడు జానకిరామన్.

రంగరాజులు తల ఊపాడు. వేరేవాడైతే నవ్వు ఆపుకోవడానికి దగ్గేవాడు. రంగరాజులుకి ఆ అవసరం రాలేదు. అతనికి నవ్వు రాక రెండేళ్ళయింది.

1962 నవంబరు. ఈశాన్య సరిహద్దులో చైనాతో యుద్ధం. వేలూరులో ఒక సైకిల్ షాపు మేడమీద చిన్న గది. బయట ఇన్సూరెన్స్ బోర్డు. లోపల ఇంటెలిజెన్స్ వాళ్ళ రహస్య ఆఫీసు. డిప్యూటీ సూపరింటెండెంట్ జానకిరామన్ టేబుల్ మీద మూడు కాగితాలు పరిచాడు.

మొదటిది, మద్రాసులో పట్టుకున్న శత్రువుల వైర్‌లెస్ మెసేజ్. కాట్పాడి లైన్లో పోయే మిలిటరీ రైళ్ళ టైములు పక్క ఊరు గుడియాత్తం నుంచి బయటికి పోతున్నాయి. స్టేషన్ మాస్టరుకే గంట ముందు చెప్పే టైములవి. రెండోది, గుడియాత్తం యుద్ధ సహాయ కమిటీ అధ్యక్షుడు నాగలింగం ఇచ్చిన పిటిషన్. లుంగీల వ్యాపారి బలరామయ్య దేశద్రోహి అని అందులో ఉంది. మూడోది ఆ బలరామయ్య రాసి ఆడించిన నాటకం. నలభై పేజీలు, తెలుగులో.

“కోడ్ ఇందులోనే ఉంది. ఇక్కడ ఎవరికీ తెలుగు చదవడం రాదు. నువ్వు తెలుగువాడివని మద్రాసు నిన్ను పంపింది. బలరామయ్యని నాలుగు రోజుల కిందటే లోపల వేశాం. శనివారానికి నీ రిపోర్టు వస్తే, యుద్ధం అయ్యేదాకా బయటికి రాడు.”

రంగరాజులు కాగితాలు తీసుకున్నాడు. అతనిది వేలూరు పక్కన మేల్పాడి. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. తెలుగు అక్షరం ఒక్కటి కూడా చదవలేడు. ఆ మాట చెప్పలేదు. డిపార్ట్‌మెంటు తన గురించి ఏదైనా నమ్మితే దిద్దకూడదని పదిహేనేళ్ళ సర్వీసులో నేర్చుకున్నాడు.

రెండేళ్ళ కిందట, ఏ ఊరు ఆంధ్రాకి, ఏ ఊరు మద్రాసుకి అని ఎల్లలు గీస్తున్న రోజుల్లో, ఇలాగే బళ్ళో పాఠాలు చెప్పే ఒక వాద్యార్ గురించి రిపోర్టు రాశాడు. ఆ వాద్యార్ జైల్లో జ్వరం వచ్చి పోయాడు. తప్పేమీ చెయ్యలేదని తరవాత తేలింది. ఆ వార్త విన్న రోజు రంగరాజులు అన్నం తిన్నాడు. రుచి తెలియలేదు. అప్పటినుంచి తెలియడం లేదు.

బుధవారం పొద్దున రంగరాజులు రేడియో మెకానిక్ వేషంలో గుడియాత్తంలో బస్సు దిగాడు. ఖాకీ చొక్కా, చెవిలో పెన్సిలు, చేతిలో పనిముట్ల పెట్టె. పెట్టె అడుగు అరలో వైర్‌లెస్ సెట్టు. జేబులో ముక్కుపొడి డబ్బా, దాని లోపల కెమెరా.

బజారులో తొమ్మిది గంటలకి లౌడ్‌స్పీకర్ మోగింది. షాపుల వాళ్ళంతా బయటికి వచ్చి చెయ్యెత్తి మూడుసార్లు నినాదం చెప్పారు. కమిటీ మనిషి ఒకడు చెయ్యెత్తని వాళ్ళ పేర్లు రాసుకుంటూ పోతున్నాడు. బీడీల షాపు ముసలాయన కుడిచెయ్యి ఎత్తి, ఎడమచేత్తో బీడీ కాల్చుకుంటున్నాడు. రంగరాజులు కూడా చెయ్యెత్తాడు.

ఎరుపు చైనా రంగు గనక ఎర్ర లుంగీ నెయ్యకూడదని, అమ్మకూడదని, కట్టకూడదని కమిటీ దండోరా వేయించింది. అద్దకం వాళ్ళు ఎర్ర రంగు తొట్లు కాలవలో ఒంపేశారు. ఊళ్ళో ఒక్క బలరామయ్య మాత్రం ఎర్ర గళ్ళ లుంగీని షాపు ముందర అలాగే వేలాడదీశాడు. అడిగితే, సరిహద్దుకి రమ్మంటే వస్తాను గానీ లుంగీ మాత్రం దించను అన్నాడట. తరవాత ఆ నాటకం రాశాడు.

మొదటి పని ఇన్ఫార్మర్‌ని కలవడం. బస్టాండు దగ్గరి కాఫీ క్లబ్బులో పచ్చ పట్టుచీర, నల్లద్దాలు కనిపించాయి. నాటకాల పంకజం. ఆమె నడిచి వస్తే సర్వర్లు కాఫీ ఒలకబోస్తారు.

“నూలు ఎన్నో నంబరు?” అన్నాడు రంగరాజులు.

“అరవై.”

“చాయం పోతుందా?”

“ఉతికితే కదా తెలిసేది.”

కోడ్ సరిపోయింది. బలరామయ్య నాటకంలో తనే జడ్జి వేషం వేశానని, అతని ఇంటికి ఎవరెవరో కొత్తవాళ్ళు వచ్చేవారని ఆమె గడగడా చెప్పింది. మరీ గడగడా చెప్పింది. రంగరాజులు కాఫీ తాగి లేచాడు.

బలరామయ్య ఇల్లు షాపు వెనకే. భార్య వాసవాంబ ఒక్కతే ఉంది. రేడియో పాడైందా అని అడిగితే, బాగానే ఉందని, వినడానికే మనసు లేదని చెప్పింది. అతని మాట పట్టి, మనవాళ్ళేనా అని అడిగి మజ్జిగ ఇచ్చింది. తెలుగువాణ్ణే గానీ చదవడం రాదని, నాటకం బాగుందని ఊళ్ళో విన్నానని అన్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదని అతనికే తరవాత తట్టింది.

ఆమె చిత్తు ప్రతి తీసి అరుగు మీద కూర్చుని చదివింది. నాటకంలో ఒక మిరపకాయ మీద దేశద్రోహం కేసు. నీ రంగు ఎరుపు, నువ్వు శత్రువు మనిషివి అంటాడు జడ్జి.

“పచ్చగానే పుట్టినాను సామీ, మీరే ఎండబెట్టినారు,” అని మిరపకాయ మాట చదివి ఆమె ఆగింది. “ఆయనకి ఉబ్బసం నాయనా. లోపల దుప్పటి ఇచ్చినారో లేదో.”

రంగరాజులు మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. ఆమె మళ్ళీ చదివింది. రైలు టైములు శత్రువుకి చెప్పింది నువ్వేనా అని జడ్జి అడుగుతాడు. నాకేం తెలుసు సామీ, పూలమ్మే తంగమ్మని అడగండి, రైలుకి రెండు దినాల ముందే మాలలు కట్టేది ఆమె అంటుంది మిరపకాయ.

“ఈ మాటకి జనం బాగా నవ్వినారా?” అన్నాడు రంగరాజులు.

“అందరూ నవ్వినారు. నాగలింగం ముందు వరసలో కూర్చోని అందరికన్నా ఎక్కువ నవ్వతా ఉండినాడు. ఈ మాట కాడ లేచి పోయినాడు. మర్నాడే పోలీసులు వచ్చినారు.”

పూల తంగమ్మ నిజంగానే ఉంది, బజారు మూలలో. పెద్ద పెద్ద మాలలు కడుతోంది. ఎవరికమ్మా అంటే, శుక్రవారం పదకొండుకి పక్కనున్న లత్తేరి స్టేషన్లో మిలిటరీ రైలు నిలుస్తుందని, కమిటీ వాళ్ళు చెప్పారని, మామూలుగా చెప్పింది. స్టేషన్ మాస్టరుకి ఆ సంగతి తెలియడానికి ఇంకా రెండు రోజులుంది.

ఆ సాయంత్రం కమిటీ ఆఫీసులో రేడియో బాగు చేస్తానని చొరబడ్డాడు. నాగలింగం తెల్లటి ఖద్దరులో, చేతులు జోడించి మాట్లాడే మనిషి. జాగ్రత్తగా చూడమని చెప్పి పక్కగదిలోకి పోయాడు. రంగరాజులు సెట్టు వెనక మూత విప్పాడు. వినడానికి మాత్రమే పనికొచ్చే రేడియోలో ఉండకూడని సామాను ఒకటి లోపల ఉంది. అది మెసేజ్‌లు పంపేదానికి. ముక్కుపొడి డబ్బా రెండుసార్లు టిక్కుమంది. బీరువా కింద అలారం గడియారం అట్టపెట్టె ఖాళీగా పడి ఉంది. గోడ మీద గానీ టేబుల్ మీద గానీ గడియారం లేదు. టేబుల్ మీద ఒక్క నల్లద్దాల జోడు ఉంది. పొద్దున కాఫీ క్లబ్బులో చూసినదే.

వైర్‌లెస్‌లో జానకిరామన్‌కి అన్నీ చెప్పాడు.

“టైము కమిటీకి మేమే లెటర్ రాసి చెప్పాం. జనం రావద్దా? పేపర్లో ఫోటో పడొద్దా?”

“టైములు బయటికి పోయే దారి అదే సార్.”

“నాగలింగం పెద్ద దేశభక్తుడు. అతన్ని ముట్టుకోవద్దు. నాటకం సంగతి చూడు. ఓవర్.”

కోపం రావలసిన చోటు అది. రంగరాజులు సెట్టు మడిచి పెట్టాడు. ఈసారి ఉబ్బసం మనిషి ఒకడు లోపల ఉన్నాడని మాత్రం లెక్క కట్టినట్టు అనుకున్నాడు.

శుక్రవారం లత్తేరి స్టేషన్ నిండా జనం. చెయ్యెత్తని వాళ్ళ పేర్లు రాసే మనిషి అక్కడా ఉన్నాడు గనక అందరూ వచ్చారు. ప్లాట్‌ఫారం చివర బల్లలు వేసి స్టేజీ కట్టారు. బ్యాండు సిద్ధంగా ఉంది. పదకొండుకి రైలు వచ్చి ఆగింది. ఆఫీసర్ల పెట్టె వెనకే మందుగుండు వ్యాగన్లు, సీలు వేసి ఉన్నాయి. నాగలింగం మైకు ముందు నిలబడి త్యాగం గురించి మొదలుపెట్టాడు.

పంకజం మాలల బుట్ట చంకన పెట్టుకుని ఆఫీసర్ల పెట్టె వైపు నడుస్తోంది. రంగరాజులు అడ్డం నిలబడ్డాడు.

“బుట్ట ఇట్ల ఇయ్యమ్మా.”

“లోపల పెట్టి, రైలు కదిలేదాకా ఆడనే కూర్చోని పాట పాడమన్నాడు నాగలింగం. తప్పుకో అప్పా.”

“చెవి పెట్టి విను.”

ఆమె తల వంచింది. మాలల కింద గడియారం నడుస్తోంది. ఆమె మొహంలో ఏమీ మారలేదు. నల్లద్దాలు తీసి ఒకసారి స్టేజీ వైపు చూసింది.

“నన్ను కూడానా,” అంది. చీర ధర అడిగినట్టు అంది.

బుట్ట అతని చేతుల్లో పెట్టింది.

రంగరాజులు పరిగెత్తాడు. గూడ్స్ షెడ్డు పక్కన, రైలుకట్ట కోసం మన్ను తవ్విన గుంటలో వానల నీళ్ళు నిండుగా ఉన్నాయి. కాలు జారింది. మోకాలి మీద పడి, లేచి, రెండు చేతులతో బుట్ట విసిరి, షెడ్డు గోడ వెనక ఒరిగాడు. లోపల అలారం ఒక్క క్షణం మోగడం వినిపించింది.

నీళ్ళు, బురద, మల్లెపూలు మిద్దె ఎత్తున లేచాయి.

స్టేషన్లో జనం అది మిలిటరీ కోసం పేల్చిన ఔటు టపాకాయ అనుకున్నారు. అందరూ చెయ్యెత్తి జై కొట్టారు. బ్యాండు ఎత్తుకుంది. రైలు కదిలింది. స్టేజీ మీద ఒక్క నాగలింగం మాత్రం, బుట్ట షెడ్డు వైపు పోవడం చూడగానే ఉపన్యాసం మధ్యలో ఆపి, శబ్దం రాకముందే బోర్లా పడుకున్నాడు. దేశమాతకి సాష్టాంగం అనుకుని ముందు వరస వాళ్ళు కూడా పడుకున్నారు. రంగరాజులు బురద కారుతూ వచ్చి అతని మణికట్టు పట్టుకుని లేపాడు.

శనివారం పొద్దున జానకిరామన్ టేబుల్ మీద ఒక్కటే కాగితం. కెమెరాలో ఫోటోలు కడిగి దాని పక్కన పెట్టారు. పంకజం రెండు పక్కలా పని చేశానని ఒప్పుకుని నాగలింగం ముఠా పేర్లన్నీ చెప్పేసింది. ముగ్గురు విదేశీయులు మద్రాసు రేవులో దొరికారు. అంతా బాగానే ఉంది, కానీ రైళ్ళ టైములు శత్రువు మనిషికి స్వయంగా లెటర్ రాసి పంపింది ఈ ఆఫీసే. అది బయటికి రాకూడదు. నాగలింగం దేశం పని మీద ఢిల్లీ వెళ్ళాడని ఊరికి చెప్పారు. కమిటీకి అప్పుడే కొత్త అధ్యక్షుణ్ణి చూస్తున్నారు.

కాగితం మీద ఒకే వాక్యం. నవంబరు పదహారు, శుక్రవారం నాడు లత్తేరి స్టేషన్లో ఏమీ జరగలేదు. కింద రంగరాజులు సంతకానికి చోటు.

“సంతకం పెట్టు,” అన్నాడు జానకిరామన్.

“బలరామయ్య సార్?”

“ఉండనీ. ముఠా ఉందని పేపర్లకి చెప్పేశాం. లోపల ఎవరో ఒకరు ఉండాలి కదా.”

రంగరాజులు పెన్ను మూత పెట్టాడు. గొంతు పెంచలేదు. పెంచాలని అనిపించనూ లేదు.

“ఏమీ జరగలేదు అంటే సంతకం పెడతాను సార్. కానీ ఏమీ జరగనిదానికి మనిషిని లోపల పెట్టుకునేది ఎట్ల? రెండిట్లో ఏదో ఒకటి రాయండి.”

జానకిరామన్ కాగితం వైపు చూశాడు. ఫోటోల వైపు చూశాడు. ఫోను ఎత్తాడు.

మధ్యాహ్నం బలరామయ్య జైలు గేటు బయటికి వచ్చాడు. గడ్డం మాసి ఉంది. ఊపిరి కుయ్యిమంటోంది. దుప్పటి ఇవ్వలేదని చూస్తేనే తెలుస్తోంది. రంగరాజులు అతన్ని పట్టుకుని బస్టాపుకి నడిపించాడు. ఎందుకు పట్టుకున్నారో, ఎందుకు వదిలారో చెప్పగలవా నాయనా అని ఆయన అడిగాడు. తనకి తెలియదన్నాడు రంగరాజులు. టీ ఇప్పించాడు. తనూ ఒకటి తాగాడు. అందులో చక్కెర ఎక్కువైంది. ఆ సంగతి తెలిసినందుకు గ్లాసు వైపు ఒకసారి చూశాడు.

“ఇంతకీ నువ్వు యాడ పనిచేస్తా ఉండావు?” అన్నాడు బలరామయ్య.

“ఏమీ జరక్కుండా చూసుకునేది నా పని.”

బలరామయ్య టీ ఊదుకుని, నిదానంగా తల ఊపాడు.

“ఓహో. సర్కారు ఉద్యోగమా.”