కాఫీ మిషను పెట్టే చోటు

పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోగా కోడలి టిఫిన్ డబ్బా కడుగుదామని ఈశ్వరమ్మ ఆమె సంచీలో చెయ్యి పెట్టింది. డబ్బాతో పాటు నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి చేతికొచ్చింది.

ఇంకొకరి కాగితం చదవకూడదని ఆమెకు తెలియక కాదు. అక్షరం కనబడితే కళ్లు ఆగవు. బడి మొహం చూడని మనిషి. తాండూరులో నాపరాళ్ల పాలిష్ యూనిట్లో ముప్ఫై ఏళ్లు బండలు మోస్తూ, వాటి మీద సుద్దతో రాసిన పేర్లూ కొలతలూ చూసి చదువు పట్టుకుంది. ఆ తరువాత పొట్లాల కాగితాలు, పాత వారపత్రికలు, చేతికి దొరికిందల్లా చదివింది.

కాగితం నిండా కోడలు నిరోషా ముత్యాల్లాంటి రాత. మూడు కాఫీ మిషన్ల పేర్లు పక్కపక్కనే రాసి, ఒక్కోదాని కింద వివరాలు. నీళ్లు కాగడానికి ఎంతసేపు పడుతుంది, పాలు నురగ తేవడానికి ఆవిరి చాలుతుందా, కరెంటు ఎక్కువ తక్కువలకు తట్టుకుంటుందా, రబ్బరు రింగు అరిగితే కొత్తది ఎక్కడ దొరుకుతుంది. ఈశ్వరమ్మకు ముచ్చటేసింది. ఆమె తండ్రి సంతలో ఎద్దుల్ని ఇలాగే చూసేవాడు. పళ్లు, గిట్టలు, నడక, చివరికి అది తాగే తీరు కూడా చూశాకే తాడు చేతిలోకి తీసుకునేవాడు.

కాగితం అడుగున ఒక గీత గీసి ఇంకో మాట రాసుంది.

"వికారాబాద్ ఇల్లు. వంటగట్టు లోతు ఇరవై ఇంచులు. పైన అల్మారా అర దాక ఎత్తు పదహారు."

పాలు పొంగి పొయ్యంతా పారాయి.

"అత్తమ్మా, పాలు," అంటూ నిరోషా తల తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆపింది. ఈశ్వరమ్మ కాగితాన్ని సంచీలో పెట్టేసి, ఎడమ చేత్తో గిన్నె దింపబోయింది. చాలా ఏళ్ల కింద బండ జారి పడిన నాటి నుంచి ఆమె కుడి మణికట్టు తిరగదు. ఎడమ చేయి కూడా ఈ మధ్య పట్టు తప్పుతోంది. బొటనవేలు, దాని పక్క వేలు మాత్రమే చెప్పినట్టు వింటున్నాయి.

"నువ్వు ఇడువు, నేను దించుత," అంది నిరోషా. "ఇయ్యాల నాకు సెలవు గద. ఎనిమిది గంటల బండికి పోదాం. షెహబాజ్ భాయ్ మిషన్లు మూడూ దుకాణంల పెట్టి ఉంచిండట. నువ్వు గూడ చూడాలె."

"నేనేం చూస్త? రాయా రప్పా?"

"నువ్వు రాకుంటే నేను కొనను," అని నవ్వి లోపలికి పోయింది.

ఇంట్లోకి కొత్త వస్తువు వస్తోందంటే ఈశ్వరమ్మకు గుండెల్లో రాయి పడినట్టుంటుంది. భర్త రేడియో కొని చేతిలో పెట్టిన నెలకే బొంబాయి పనికి పోయాడు. మళ్లీ రాలేదు. అదే యూనిట్లో బండలు నునుపు తేల్చే కొడుకు పరశురాం, పిండి రుబ్బే గ్రైండర్ తెచ్చిన పది రోజులకు రోడ్డు మీద లారీ కింద పడ్డాడు. అప్పటికి నిరోషా ఆ ఇంటికి వచ్చి రెండేళ్లు. పిల్లలు లేరు. పుట్టింటివాళ్లు ధారూర్‌కి రమ్మంటే, "అత్తమ్మ ఒక్కతే ఉంది," అని ఉండిపోయింది. మూడేళ్లయింది. వికారాబాద్ అవతల కొండల దగ్గర రిసార్ట్‌లో కాఫీ చేసే పని నేర్చుకుని, రోజూ రైల్లో పోయి వస్తోంది.

కొడుకు పోయాక ఆరు నెలలు ఈశ్వరమ్మ నోటికి ఏదీ రుచి లేదు. అన్నం తిన్నా మట్టి తిన్నా ఒకటే. ఒక సాయంత్రం నిరోషా చిన్న ఫ్లాస్కులో తాను చేసిన కాఫీ పట్టుకొచ్చింది. బండి ఆలస్యమై అది చల్లారిపోయింది.

"పానం పోయింది అత్తమ్మా దీనికి. పారబోస్త."

"ఉండనియ్యి," అని ఈశ్వరమ్మ ఒక గుక్క తాగింది. చేదు. కానీ చేదని తెలిసింది. ఆరు నెలల్లో ఆమె నాలుకకు తెలిసిన మొదటి సంగతి అది. ఆ రోజు నుంచి ఫ్లాస్కు రాని సాయంత్రం లేదు. "మిషను నుంచి దిగంగనే వేడి వేడిగ తాగితే గద అసలు రుచి. ఒక్కసారన్న నీకు తాగిపియ్యాలె," అని నిరోషా అంటూనే ఉండేది.

కానీ కాగితం మీద ఉన్నది తాండూరు ఇల్లు కాదు.

ఈశ్వరమ్మకు అర్థం కాకపోవడానికి ఏమీ లేదు. పది రోజుల కింద నిరోషా తల్లి నాగరాణి ధారూర్ నుంచి ఫోన్ చేసింది. "వదినా, వికారాబాద్‌ల ప్రేమ్‌సాగర్ అని ల్యాబుల పని జేస్తడు. మంచోడు. పిల్లను అడిగిండు. అది మా మాట ఇనది, మీ మాటే ఇంటది. ముప్ఫై రెండేళ్ల పిల్ల, ఎన్నొద్దులని గట్ల ఉంటది? మీరు జర చెప్పుర్రి." చెప్తానంది ఈశ్వరమ్మ. చెప్పడానికి రోజూ నోరు తెరిచింది. రోజూ వేరే మాట వచ్చింది. కూర ఏం చేద్దాం, బండి టైముకొచ్చిందా, కాళ్లకు నూనె రాయనా.

రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి, నిరోషా దారంతా మిషన్ల సంగతి చెప్పింది. ధారూర్ స్టేషన్ వచ్చి పోయినా ఈశ్వరమ్మ బయటికి చూడలేదు. కోడలి మొహమే చూస్తూ ఉంది. ఎంత చక్కగా చెప్తోంది. పొడి మరీ మెత్తగా ఉంటే నీళ్లు దిగవట, బరకగా ఉంటే ఆగకుండా కారిపోతాయట. ఇరవై అయిదు, ముప్ఫై సెకన్లలో దిగాలట. తన దగ్గరికి వచ్చిన కొత్తలో టీ పొడి ఎంత వెయ్యాలో అడిగి వేసిన పిల్ల. ఈ తెలివి ఇంక ఇంకో ఇంట్లో వెలుగుతుంది కాబోలు.

షెహబాజ్ దుకాణం వికారాబాద్ బజారులో ఉంది. రిసార్ట్‌లకూ క్యాంటీన్లకూ మిషన్లు అమ్మి, బాగుచేసే మనిషి. ఈశ్వరమ్మకు కుర్చీ వేసి, "రండమ్మా, అక్క మీ గురించే చెప్తది ఎప్పుడు జూసినా," అన్నాడు.

మొదటిది నల్లగా, అద్దంలా మెరుస్తోంది. "ఇది బటన్ నొక్కితే చాలు అక్కా. గింజలు అదే రుబ్బుకుంటది, పాలు అదే పోసుకుంటది. ఇంట్ల పెద్దోళ్లుంటే ఇదే తీస్కపోతరు."

"వద్దు భాయ్," అంది నిరోషా. "అన్నీ అదే జేస్తే మనిషి ఏం జెయ్యాలె? ఊకె కూసుంటే బీమారొస్తది."

రెండోది చిన్నది, తేలిక. కాఫీ పొడి నింపే గిన్నెను నిరోషా దాని పిడి పట్టుకుని బిగించబోతే మిషను మొత్తం జరిగింది. "ఇంకో చెయ్యితోటి పట్టుకుంటె గానీ తిరగది. వద్దు."

మూడోది ఉక్కుది, బరువైనది. నిరోషా పిడిని మిషను నోట్లో పెట్టి ఎడమ చేత్తో, అదీ రెండు వేళ్లతో తిప్పింది. బిగుసుకుంది. మళ్లీ విప్పింది, మళ్లీ బిగించింది. కుడిచేతి వాటం పిల్లకు ఇదేం అలవాటని ఈశ్వరమ్మ అనుకుంది. అంతలో నిరోషా ఆవిరి గొట్టం తిప్పి, పాలు నురగ తెచ్చి, గడియారం చూసుకుంటూ కాఫీ దింపి, ఒక చుక్క నాలిక మీద వేసుకుని మొహం చిట్లించి, పొడి మార్చి మళ్లీ దింపింది. షెహబాజ్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"ఈ అక్క ముంగట నేను దుకాణదారుని గాదమ్మా, చదువుకునేటోన్ని," అన్నాడు.

"ఇదే, అత్తమ్మా. నువ్వు చూసి చెప్పు."

ఈశ్వరమ్మ లేచింది. ఇన్నేళ్లుగా ఏ వస్తువునైనా చూసే తీరు ఆమెకు ఒక్కటే తెలుసు. వంగి, చెవి దగ్గర పెట్టి, వేలి కణుపులతో మిషను పక్కన కొట్టింది. యూనిట్లో ప్రతి బండనీ అలాగే చూసేది. ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే లోపల పగులు. మిషను మొద్దుగా మోగింది.

"పగిలింది ఇది."

షెహబాజ్ నవ్వు ఆపుకుని, మిషను వెనక నుంచి నిండుగా ఉన్న నీళ్ల డబ్బా బయటికి లాగాడు. "ఇప్పుడు కొట్టుర్రి అమ్మా."

ఖంగుమంది.

నిరోషా పగలబడి నవ్వింది. ఆ నవ్వు చూసేసరికి ఈశ్వరమ్మ ఇక ఓర్చుకోలేకపోయింది. ఈ నవ్వు రేపటి నుంచి తన ఇంట్లో ఉండదు.

"ఎట్లుంది అత్తమ్మా, నచ్చిందా?"

"నన్నెందుకు అడుగుతవ్? నీ ఇంటికి నువ్వే చూస్కో."

"నా ఇల్లేంది?"

"కాగితం చదివిన. వికారాబాద్ ఇల్లు, గట్టు ఇరవై ఇంచులు. మీ అమ్మ ఫోన్ గూడ చేసింది. పో బిడ్డా, పోవుడు తప్పు గాదు. నేనే చెప్పాల్సింది, నోరు రాలే. గని గీ మిషను చూపియ్యనీకె నన్నెందుకు తోల్కొచ్చినవ్? మీ మామ రేడియో చేతిల పెట్టి పొయ్యిండు. పరశు గ్రైండర్ పెట్టి పొయ్యిండు. నువ్వు కాఫీ తాగిపిచ్చి పోదామనుకున్నవా?"

నిరోషా మొహంలో నవ్వు పోయింది. చేతిలోని గుడ్డను బల్ల మీద విసిరింది. ఇన్నేళ్లలో ఆ పిల్ల విసురు ఈశ్వరమ్మ ఎన్నడూ చూడలేదు.

"పోయేదుంటే ఎప్పుడో పోదును. ఆయన అడిగి ఎనిమిది నెలలాయె. అత్తమ్మ నాతోటి వస్తేనే వస్తనని మొదటి రోజే చెప్పిన. ఆయన సరే అని రెండు గదుల ఇల్లు చూసిండు. ఒక గది నీదే. ఆ సంగతి మా అమ్మకు గూడ తెల్వది. నీకు చెప్పే ధైర్నం రాలే. చెప్తే ఏమంటవో నాకు ఎరుకే. కోడలి రెండో పెండ్లికి అత్త ఎంట వోతదా, నలుగురు నవ్వరా అంటవ్."

"నవ్వరా మరి?"

"నవ్వనియ్యి. నాలుగు రోజులు నవ్వి వాళ్ల పని వాళ్లు చేస్కుంటరు. నాకు పొద్దున లేస్తే నువ్వు గావాలె. నవ్వెటోళ్లు వచ్చి నా తల దువ్వుతరా?"

షెహబాజ్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నడుమల మాట్లాడుతున్న, మాఫ్ చేయుర్రి. రెండు నెలల సంది అక్క వస్తుంది. ఎప్పుడొచ్చినా పిడి ఎడమ చెయ్యి రెండు వేళ్లతోనే తిప్పి చూస్తది. కుడి చెయ్యికి ఏమన్న అయ్యిందేమో అనుకున్న నేను. గీ మిషనుకు పిడి గట్టిగున్నదని రబ్బరు రింగు రెండుసార్లు మార్పిచ్చింది. ఇప్పుడు చిన్న పిల్లలు తిప్పినా తిరుగుతది."

ఈశ్వరమ్మ తన చేతుల వైపు చూసుకుంది. తిరగని కుడి మణికట్టు. ఎడమ చేతికి మిగిలిన రెండు వేళ్లు. ఆ వేళ్ల సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే ఈ పిల్ల చూసింది. చూసి, నోట్లో ఒక్క జాలి మాట రానీయకుండా, ఆ రెండు వేళ్లకు సరిపడే మిషను కోసం రెండు నెలలు తిరిగింది. బటన్‌ది వద్దన్నది కూడా అందుకే. పని చెయ్యకుండా తాను బతకలేదని ఈ పిల్లకు తెలుసు.

కళ్లు నిండి దుకాణమంతా మసకబారింది. కొంగుతో తుడుచుకుని అడిగింది.

"ఆ ఇంట్ల గట్టు ఏం రాయి?"

"నాపరాయే అత్తమ్మా."

"కొట్టి చూసినవా?"

"లేదు."

"ఇంత బరువుది తెచ్చి చూడని రాయి మీద పెడ్తవా? కాగితం నిండ అన్నీ రాసినవ్, గదొక్కటి మర్శినవ్. నడువు. ముందు గట్టు చూసినంకనే ఏదన్న."

నిరోషా ఫోన్ చేసి చెప్పడంతో, వాళ్లు వెళ్లేసరికి ప్రేమ్‌సాగర్ ఆ ఇంటి తాళంచెవి పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆమెను ఏమని పిలవాలో తోచక, లోపలికి పోయి ఉన్న ఒక్క స్టూలూ తెచ్చి వేశాడు. ఈశ్వరమ్మ కూర్చోలేదు. అతని చేతిలోంచి తాళంచెవి తీసుకుని, వంటగట్టు ఈ కొస నుంచి జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ పోయింది. తల పక్కకు వంచి వింటోంది. నడుమ ఒకచోట శబ్దం మొద్దుగా వచ్చింది.

"ఇక్కడ కింద సిమెంటు పట్టలే. డొల్ల. మేస్త్రీని పిలిచి నింపియ్యి బాబూ."

"అట్లనే అమ్మా," అన్నాడు ప్రేమ్‌సాగర్. ఏం పిలవాలో అప్పుడు దొరికినట్టుంది అతనికి.

కిటికీ పక్కన రాయి ఖంగుమంది. ఇంకోసారి కొట్టింది, పరశురాం నునుపు తేల్చిన బండల్లాగే మోగింది. తాళంచెవి పక్కన పెట్టి, అరచేయి ఆ రాయి మీద ఆనించింది.

"ఇక్కడ పెట్టుర్రి."

నిరోషా చున్నీలో మొహం దాచుకుంది.

"ఏడ్సుడు తర్వాత. షెహబాజ్‌కు ఫోన్ జెయ్యి, బండి మీద తెమ్మను."

మధ్యాహ్నానికి మిషను కిటికీ పక్కన నిలబడింది. నిరోషా పొడి నింపి పిడి అందించి, తాను దూరం జరిగింది. ఈశ్వరమ్మ ఎడమ చేతి రెండు వేళ్లతో దాన్ని తిప్పింది. మెత్తగా తిరిగి, బిగుసుకుంది. మీట నొక్కగానే ఎర్రగా, దారంలా కాఫీ దిగింది. దిగుతున్నంతసేపూ ఆమె రెప్ప వేయలేదు. కప్పు వేడి అరచేతుల్లోకి పాకింది.

"ఎట్లుంది అత్తమ్మా?"

"చేదు," అంది ఈశ్వరమ్మ. కప్పు మాత్రం కింద పెట్టలేదు. "ఆ పిలగానికి గూడ పొయ్యి. నిలవడే ఉన్నడు పొద్దుటి సంది."

తాగడం అయ్యాక కోడలి ఫోన్ అడిగి తీసుకుంది. ధారూర్‌లో నాగరాణి ఎత్తింది.

"వదినా, నీ బిడ్డకు చెప్పమన్నవ్ గద. చెప్పిన. అది ఒప్పుకుంది." కొంగుతో ముక్కు తుడుచుకుని, మిషను వైపు చూసింది. "నేను గూడ ఒప్పుకున్న. పెండ్లికి తారీఖు చూడుర్రి."