తమ్ముడిది కలవలేదు

పొద్దున్న లేస్తూనే రాజకుమారి చేసిన పని కొడుకు బ్యాగు సర్దడం.

"నన్నిప్పుడు కొత్తవలస ఎందుకమ్మా పంపుతావు? మావయ్య బానే ఉన్నాడు. నిన్న ఫోన్లో నవ్వుతా మాట్లాడేడు," అన్నాడు త్రినాథ్.

"బాగుంటే సూడకూడదేటి? ఎల్లు. రేపు రా."

"ఆ అమ్మాయి వస్తన్నాదనేనా?"

రాజకుమారి బ్యాగు అతని చేతికిచ్చి వీధి తలుపు తీసింది. వంటింట్లోంచి కూతురు సుహాసిని కూనిరాగం వినబడుతోంది. ఒకప్పుడు ఆ గొంతు ఇక వినబడదనుకున్న ఇల్లు అది.

విజయనగరం గంటస్తంభం దగ్గర వాళ్ళకి స్టీలు సామాన్ల దుకాణం. భర్త పోయాక రాజకుమారే గల్లా దగ్గర కూర్చుని ఇద్దరు పిల్లల్నీ పెంచింది. అంతా కుదుటపడిందనుకున్నప్పుడు సుహాసినికి రక్తకేన్సర్ వచ్చింది. ఎముకల్లోని మూలుగ మార్చాలన్నాడు విశాఖపట్నం డాక్టరు. ముందు తమ్ముడికి పరీక్ష చేద్దాం, సొంతవాళ్ళది కలిస్తే మంచిది అన్నాడు.

వెన్నుపూసలో సూది గుచ్చి మూలుగ లాగుతారని, మగపిల్లాడికి నడుము పడిపోతుందని, పిల్లలు పుట్టరని దుకాణానికొచ్చే ఆడవాళ్ళు చెప్పారు. ఒక బిడ్డ అప్పటికే మంచాన ఉంది. రెండో బిడ్డని తన చేత్తో ఆ బల్ల ఎక్కించలేకపోయింది. అబ్బాయి ఒప్పుకోలేదని డాక్టరుకి చెప్పింది. కూతురికి మాత్రం, "తమ్ముడిది కలవలేదే," అని చెప్పింది. అసలు త్రినాథ్ పరీక్షకే వెళ్ళలేదు. తల్లి వద్దనగానే అతను వాదించనూ లేదు. భయం అతనికీ ఉంది.

చివరికి దాతల జాబితాలో ఎవరో పరాయి అమ్మాయిది కలిసింది. సుహాసిని బతికింది. ఏడాది గడిచాక ఇద్దరూ ఒప్పుకుంటే పేర్లు చెబుతారు. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఈవేళ ఆ అమ్మాయి ఇంటికొస్తోంది.

ఆమె కంట త్రినాథ్ పడకూడదు. పడితే తమ్ముడి పరీక్ష సంగతి ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే సుహాసిని వింటుంది. ఆ తరువాత కూతురు తనకి దక్కదు. రాజకుమారి భయమంతా అదే.

పది దాటాక ఆటో ఆగింది. ముందు హర్షిత దిగింది. శ్రీముఖలింగం అవతల పల్లె వాళ్ళది. ఎచ్చెర్లలో చదువుకునే రోజుల్లో పరీక్షకి బుగ్గలో దూదిపుల్ల తిప్పించుకుని దాతగా పేరు రాయించుకుంది. వెనక ఆమె తల్లి చిన్నతల్లి, చేతిలో సంచీనిండా బీరకాయలతో దిగింది.

గేటు దగ్గర ఆ ఇద్దరమ్మాయిలూ ఎదురెదురుగా నిలబడిపోయారు. ఎలా పలకరించాలో ఇద్దరికీ తెలియలేదు.

"నా బ్లడ్ గ్రూపు మారిపోయింది తెలుసా? ఇప్పుడు నీదే నాది," అంది సుహాసిని ఆఖరికి.

"అయితే వంకాయ తింటే దురదొస్తన్నాదా?"

"అది నీదా? వంకాయ కూర తిన్నప్పుడల్లా గోక్కోలేక సస్తన్నాను. అమ్మేమో నూనె మంచిది కాదని కొట్టువాడిని తిడతన్నాది."

హర్షిత పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే ఇద్దరూ ఒకరినొకరు వాటేసుకుని ఏడ్చారు. చిన్నతల్లి కొంగుతో కళ్ళొత్తుకుంది. రాజకుమారి కాఫీ వంకతో లోపలికి వెళ్ళిపోయింది.

కాఫీలు తాగుతుండగా, ఉండబట్టలేక రాజకుమారే అడిగింది.

"నడుం నొప్పి ఇంకా ఉన్నాదా తల్లీ?"

"నడుమెందుకండీ? నాకు చేతులకి సూదులు పెట్టి మంచం మీద పడుకోబెట్టారు. ఒక చేతిలోంచి రక్తం మెషీన్లోకి వెళ్ళి, కావలసిన కణాలు అది తీసుకున్నాక, రెండో చేతిలోకి వచ్చేసింది. ముందు ఇచ్చిన ఇంజెక్షన్లకి ఒళ్ళు నొప్పులొచ్చాయి, అంతే."

"వెన్నులోంచి తియ్యలేదా?"

"లేదండీ."

రాజకుమారి చేతిలో గ్లాసు కింద పెట్టేసింది.

అప్పుడే సుహాసిని లేచి అంది. "అమ్మా, నేను హర్షితతో నేస్తం కట్టుకుంటాను. ఇవాళే."

రాజకుమారి ఉలిక్కిపడింది. ఆ వైపు నేస్తం కట్టుకోవడమంటే చిన్న విషయం కాదు. కులం వేరైనా, ఊరు వేరైనా ఆ ఇద్దరూ ఇక పేరు పెట్టి పిలుచుకోరు. నేస్తం అనే పిలుచుకుంటారు. ఒక ఇంట్లో పెళ్ళయినా చావైనా రెండో ఇల్లు కదలాలి. ఇంటిల్లిపాదీ ఎదురుగా ఉండి ఒప్పుకోవాలి. తల్లి చీర పెట్టాలి.

"మంచిరోజు సూసి కట్టుకుందాంలే. తమ్ముడు కూడా ఊళ్ళో లేడు," అంది రాజకుమారి.

"పొద్దున్నే ఫోన్ చేసి రమ్మన్నాను. వస్తన్నాడు."

ఆ మాట అంటుండగానే గుమ్మంలో త్రినాథ్ కనిపించాడు. భుజాన పొద్దుటి బ్యాగే ఉంది.

చిన్నతల్లి అతన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"ఈ బాబు ఎవులమ్మా?"

"నా తమ్ముడు," అంది సుహాసిని.

"సొంత తమ్ముడా?" చిన్నతల్లి ముఖంలో నవ్వు ఆగిపోయింది. "మా పిల్ల ఇస్తానన్నప్పుడు నాను రొండు దినాలు కూడు ముట్నేదమ్మా. పెళ్ళి కావలసిన పిల్ల, దీనికేటైనా అయితే ఎలగని. ఆకరికి ఏటనుకున్నానంటే, ఆ పిల్లకి తోడబుట్టినోలు ఎవులూ నేరు కాబోలు, ఉంటే మన పిల్లనెందుకు అడుగుతారని. అలగనుకునే పంపేను."

"తమ్ముడిది కలవలేదు పిన్నీ. టెస్ట్ చేశారు కదమ్మా?" సుహాసిని తల్లివైపు తిరిగింది.

రాజకుమారి ఖాళీ గ్లాసులు ఏరడం మొదలుపెట్టింది.

సుహాసిని తమ్ముణ్ణి చూసింది. "ఒరే, నువ్వు సెప్పు. ఎక్కడ చేశారు నీకు?"

త్రినాథ్ తల దించుకున్నాడు. "నేనెళ్ళనేదు అప్పా."

"వాణ్ణి ఏటీ అనకు," అంది రాజకుమారి గబగబా. "నేనే ఆపేను. వాడు కుర్రోడు, వాడికేటి తెలుసు?"

"నన్ను కాపాడకమ్మా," అన్నాడు త్రినాథ్. "నువ్వు వద్దన్నావు. నాకు హాయిగా అనిపించింది. అది కూడా సెప్పనీ."

సుహాసిని గొంతు పెంచలేదు. "ఈ అమ్మాయి దొరక్కపోతే ఏటి చేద్దువమ్మా?"

"ఆ మాట నన్నడక్కే."

"నేను చచ్చిపోయేదాన్ని. వీడిది కలవలేదు పాపం అనుకుంటూ పోయేదాన్ని. ఆస్పత్రిలో వీడే ఏడిస్తే నేను ఓదార్చేను."

రాజకుమారి నేలమీద కూలబడింది. చిన్నతల్లి వెళ్ళి పక్కన కూర్చుంది.

"నాను పెద్ద మనసుతో పంపేననుకోకండమ్మా. ముందైతే తలుపు గొళ్ళెం ఎట్టి మరీ ఆపేను. ఇది నా మాట ఇన్నేదు, మీ బాబు మీ మాట ఇన్నాడు. అంతే తేడా."

ఆ ఓదార్పు తిట్టుకన్నా బరువుగా తగిలింది. రాజకుమారి లేచింది. బీరువాలోంచి కొత్త చీర తీసి, పసుపు కుంకుమ పళ్ళెంలో పెట్టి, హర్షిత ఎదుట నిలబడింది.

"నిజం సెప్పకుండా ఈ చీర పెడితే పాపం తగుల్తాది తల్లీ. నా కొడుకుని ఇంట్లో దాచుకున్నాను. ఏ తల్లో కన్న బిడ్డవి, నిన్ను తెచ్చుకున్నాను. నీకేటవుతాదోనని ఒక్కరోజు కూడా అనుకోనేదు. ఇప్పుడు నీకిష్టమైతేనే తీసుకో."

హర్షిత తల్లిని చూసింది. చిన్నతల్లి తలూపింది. హర్షిత సుహాసిని చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో చీర అందుకుంది.

"మీ కోసం కాదండీ. నా నేస్తం కోసం," అంది.

సాయంత్రం వాళ్ళని బస్సెక్కించడానికి త్రినాథ్ వెళ్ళాడు. వెళ్ళేముందు అక్క గది బయట చాలాసేపు నిలబడ్డాడు. "రేపు మాట్లాడతాను. ఇవాళ నా వల్ల కాదు," అంది ఆమె లోపల్నుంచి.

రాజకుమారి ఆ గది గుమ్మంలో నిలబడింది. కూతురు బట్టలు సర్దుకుంటోందేమోనని చూసింది. సుహాసిని ఊరికే మంచం మీద కూర్చుని ఉంది.

"ఎక్కడికీ పోనులే," అంది తల ఎత్తకుండానే. "కోపం తగ్గేదాకా ఇక్కడే ఉండి కోప్పడతాను. ఎన్నాళ్ళు పడతాదో నాకే తెలీదు."

రాజకుమారికి అప్పుడు ఏడుపు ఆగలేదు.

"ఎన్నాళ్ళయినా కోప్పడవే తల్లీ," అంది. "బతికుండి కోప్పడతన్నావు. నాకది సాలు."